బ్లాక్‌పూల్ చలికాలం: అన్‌సీజన్ ఎవరి నెత్తిన పడింది?

ఇంగ్లండు వాయవ్య తీరంలోని బ్లాక్‌పూల్‌కు ఏటా వచ్చిపోయేవాళ్ళ లెక్క కోటికి పైమాటే. ఏడాది పొడుగునా ఆ ఊళ్ళోనే ఉండేవాళ్ళు లక్షా నలభై వేల చిల్లర. పర్యాటకం మీద వచ్చే రాతల్లో మొదటి లెక్కే ఎక్కువగా కనిపిస్తుంది. ఈ వ్యాసం రెండోవాళ్ళ గురించి, ముఖ్యంగా నవంబరు నుంచి ఈస్టర్ దాకా వాళ్ళ గడుబాటు గురించి. అన్‌సీజన్ కష్టమంటే జనం రాకపోవడమే అనుకుంటాం. కాని జనం రాని చలికాలం బ్లాక్‌పూల్‌కు కొత్తది కాదు. వేసవి సంపాదనను చలికాలానికి సర్దే ఏర్పాటు ఒకటి ఆ ఊరికి ఉండేది. ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల్లో చెదిరిపోయింది అదే.

ఆ ఏర్పాటు ఆడవాళ్ళ చేతిమీద నడిచింది. 1846లో రైలు వచ్చాక బోల్టన్, ఓల్డమ్, బర్న్‌లీ వంటి నూలుమిల్లుల ఊళ్ళ కార్మికులు ఇక్కడి సముద్రానికి రాసాగారు. ఒక్కో ఊరు ఒక్కో వారం మిల్లులు మూసి సెలవు ఇచ్చేది. దాన్ని 'వేక్స్ వీక్' అనేవారు. ఆ లెక్కన వేసవంతా ఏదో ఒక ఊరు బ్లాక్‌పూల్‌లో దిగి ఉండేది. వాళ్ళకు గదులిచ్చిన ల్యాండ్‌లేడీల మీద చరిత్రకారుడు జాన్ వాల్టన్ 1978లో ఒక పుస్తకమే రాశారు. బసకు దిగినవాళ్ళు మాంసం, కూరగాయలు తామే తెచ్చి ఇస్తే వండిపెట్టడం ఇంటావిడ పని. గది అద్దె కాక, భోజనాల బల్ల మీది ఉప్పు, మిరియాల సీసాలు వాడుకున్నందుకు విడిగా కొంత బిల్లులో పడేది. ఈ ఉప్పు బిల్లు మీద ఇంగ్లండులో ఎన్నో హాస్యాలు పుట్టాయి. నాకు మాత్రం అందులో పిసినారితనం కనిపించదు. నాలుగు నెలల రాబడితో పన్నెండు నెలలు గడవాలి కాబట్టి ఉప్పుకూ లెక్క రాసుకోవలసి వచ్చింది. సీజన్‌లో ఇంట్లోవాళ్ళు తమ మంచాలు కూడా అద్దెకిచ్చి వంటింట్లో సర్దుకున్న ఇళ్ళున్నాయి. అవి మంచి రోజులని నేననను. ఆ పొదుపంతా కూలి కట్టని ఆడవాళ్ళ చాకిరీ. అయినా ఇల్లు తనది, పద్దు ఏడాది మొత్తానిది. జనవరి ఖర్చును ఆగస్టులోనే తలుచుకునే మనిషి ఒకరు ప్రతి ఇంట్లో ఉండేవారు.

మునిసిపాలిటీ కూడా తన వంతు చేసింది. 1879లోనే సముద్రపు ఒడ్డు వీధిలో విద్యుద్దీపాలు వెలిగించింది. 1912లో మొదలైన దీపాలంకరణ కొన్నేళ్ళు ఆగినా తర్వాత స్థిరపడి, సీజన్‌ను నవంబరు మొదటి వారం దాకా లాగింది. రాజకీయ పార్టీల మహాసభలు మరికొన్ని వారాల బేరం తెచ్చేవి. 2007 తర్వాత పెద్ద పార్టీలు తమ వార్షిక సభలకు వేరే నగరాలు చూసుకున్నాయి.

ఈలోగా మిల్లులు మూతపడ్డాయి. విమానమెక్కి స్పెయిన్ వెళ్ళడం కార్మిక కుటుంబానికీ అందుబాటులోకి వచ్చింది. ఒడ్డు వెనక సందుల్లో గెస్ట్‌హౌసులు ఖాళీ అయ్యాయి. కొన్నవాళ్ళు వాటిని ఒంటిగది వాటాలుగా అద్దెకిచ్చారు. ఆ అద్దెలో చాలా భాగం ప్రభుత్వమిచ్చే అద్దె భత్యం. భత్యం పరిమితిని వీధివీధికీ కట్టరు. సంపన్నుల ఊరైన లిథమ్ సెంట్ ఆన్స్‌తో కలిపి ఆ తీరానికంతటికీ ఒకటే కడతారు. అందువల్ల పాడుబడ్డ గదికి కూడా దాని విలువకు మించిన అద్దె గిట్టుతుంది. యజమానికి అన్‌సీజన్ అంటూ లేకుండా పోయింది. అదంతా గదిలో ఉండేవాళ్ళకు మిగిలింది. వేసవిలో హోటలు గదులు తుడిచి, బార్లలో గ్లాసులు కడిగిన మనిషికి సీజన్ అయిపోగానే పని ఉండదు. ప్రభుత్వమిచ్చే నెలవారీ భృతి అయిన యూనివర్సల్ క్రెడిట్‌కు కొత్తగా దరఖాస్తు పెడితే మొదటి చెల్లింపుకు ఐదు వారాలు ఆగాలి. ముందస్తు తీసుకుంటే అది అప్పే. తర్వాతి నెలల్లో కోసుకుంటారు. సరిగ్గా చలి ముదిరే వారాలివి. 2019 లేమి సూచీలో ఇంగ్లండు మొత్తం మీద అట్టడుగున ఉన్న పది పేటల్లో ఎనిమిది బ్లాక్‌పూల్‌వే. దేశ ప్రధాన వైద్యాధికారి క్రిస్ విట్టీ 2021 వార్షిక నివేదికను తీరప్రాంతాల ఆరోగ్యానికే కేటాయించి, అందులో అద్దె గదులుగా మారిన పాత గెస్ట్‌హౌసుల సంగతి ప్రత్యేకంగా ఎత్తిచూపారు.

2020 నుంచి దీపాలను జనవరి దాకా ఉంచుతున్నారు. ఒడ్డు మీది హోటళ్ళకు అది మేలే, కాదనను. కాని సీజన్ రెండు నెలలు పెరిగినంత మాత్రాన వెనక సందులో గది అద్దె తగ్గదు, కాంట్రాక్టు పని శాశ్వతం కాదు. నా దృష్టిలో అంతకన్నా విలువైనది 2015లో మొదలైన చిన్న ప్రయత్నం: నగర కౌన్సిల్ సొంత గృహసంస్థ పెట్టి, పాత గెస్ట్‌హౌసులు కొని కుటుంబాలు ఉండదగ్గ ఇళ్ళుగా మారుస్తోంది. పని నెమ్మదిగా సాగుతోంది. దాన్ని పెద్దయెత్తున చేయడానికి డబ్బెక్కడిదని అడిగేవాళ్ళు, అద్దె భత్యం రూపంలో ఏటేటా ప్రైవేటు యజమానుల చేతికి పోతున్న ప్రజల సొమ్మును ముందు లెక్కగట్టాలి.