దీపంలోంచి బాణలిలోకి

కనోలా నూనె గుండెకు మేలని సీసా మీద రాసి ఉంటుంది. అది విషమని వాట్సాప్‌లో తిరుగుతుంది. రెండు మాటలకూ మూలం ఒకే మొక్క, మన ఆవాలకు దగ్గరి చుట్టమైన రేప్‌సీడ్. క్యాబేజీ, టర్నిప్ జాతులు ఎప్పుడో వాటంతట అవే సంకరమై ఇది పుట్టింది. క్యాబేజీకి 9 జతల క్రోమోజోములు, టర్నిప్‌కు 10, దీనికి 19. ఈ చుట్టరికాన్ని 1935లో నాగహారు ఊ అనే వృక్షశాస్త్రవేత్త లెక్క కట్టి చూపించాడు.

యూరప్‌లో వందల ఏళ్లు ఈ నూనెతో దీపాలు వెలిగించారు. ఆవిరి యంత్రాలు వచ్చాక దానికి కొత్త పని దొరికింది. నీళ్లు తగిలినా, ఆవిరి కొట్టినా లోహాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది కాబట్టి ఓడల ఇంజన్లకు అదే కందెన. రెండో ప్రపంచ యుద్ధంలో దిగుమతులు ఆగిపోవడంతో కెనడా తన పశ్చిమ మైదానాల రైతుల చేత ఆ పంట వేయించింది. యుద్ధం ముగిసింది, డీజిల్ ఇంజన్లు వచ్చాయి, కందెన కొనేవాళ్లు తగ్గిపోయారు. పంట నిలబడాలంటే ఆ నూనె వంటింట్లోకి రావాల్సిందే. 1950లలో ఆ ప్రయత్నం మొదలైంది.

చిక్కు కూడా అక్కడే మొదలైంది. పాత రకాల నూనెలో దాదాపు సగం ఎరూసిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లమే. ఎలుకలకు ఆ నూనె ఎక్కువగా పెడితే గుండె కండరంలో కొవ్వు పేరుకుంది. ఆ కొవ్వును అరిగించుకునే శక్తి ఎలుకలకు తక్కువని తర్వాత తెలిసింది. మనుషుల గుండె దానివల్ల చెడినట్టు ఇప్పటిదాకా రుజువు కాలేదు. అయినా ఆ అనుమానాన్ని తేలిగ్గా కొట్టిపారేయకపోవడమే మంచిదైంది. గింజ పిండగా మిగిలిన చెక్కతో మరో ఇబ్బంది ఉంది. ఆవ జాతి గింజలకు ఘాటునిచ్చే గ్లూకోసినోలేట్లు అందులో మెండుగా ఉండి, మేసిన పశువుల థైరాయిడ్‌ను దెబ్బతీసేవి.

ఈ రెండు దోషాలనూ గింజలోంచే తీసేయాలని పూనుకున్నవాళ్లు కెనడా శాస్త్రవేత్తలు, సాస్కటూన్‌లో కీత్ డౌనీ, విన్నిపెగ్‌లో బాల్డర్ స్టెఫాన్సన్. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చే ఘట్టం ఇది. రేప్‌సీడ్ గింజ సుమారు రెండు మిల్లీమీటర్లే. దాన్ని నానబెట్టి, మొలక వచ్చే భాగానికి దెబ్బ తగలకుండా ఒక బద్ద కోసి తీసేవారు. ఆ బద్దను క్రొమటోగ్రఫీ యంత్రంలో పరీక్షించి ఏ కొవ్వు ఎంతుందో చూసేవారు. ఎరూసిక్ ఆమ్లం తక్కువని తేలితే మిగిలిన సగాన్ని మట్టిలో నాటేవారు. గింజ ఎలాంటిదో మొక్క మొలవకముందే తెలిసిపోయేది. వేల గింజలు ఇలా దాటాయి. జన్యుమార్పిడి కాదు, ఓపికగా ఏరుకోవడమే. కలుపు మందును తట్టుకునే జన్యుమార్పిడి రకాలు కెనడా పొలాల్లోకి వచ్చింది 1990లలో.

1974లో స్టెఫాన్సన్ విడుదల చేసిన 'టవర్' రకంలో ఆ రెండు దోషాలూ బాగా తగ్గాయి. 1978లో ఇలాంటి గింజలకు కనోలా అని పేరు పెట్టారు. ఆ పేరు దక్కాలంటే నూనెలో ఎరూసిక్ ఆమ్లం 2 శాతానికి లోపే ఉండాలి. అందుకే 'రేప్‌సీడ్ నూనె మంచిదా?' అని అడిగేవాళ్లను నేను ముందు 'ఏ గింజ నుంచి?' అని అడుగుతాను.

కనోలాలో సంతృప్త కొవ్వు సుమారు 7 శాతం, వంటనూనెల్లో బాగా తక్కువ. 60 శాతానికి పైగా ఆలివ్ నూనెలో ఉండే ఓలిక్ ఆమ్లమే. ఒమేగా-3 దాదాపు 10 శాతం. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్లకు మధ్యధరా తీరపు భోజనంతో పాటు వెన్నకు బదులు ఈ నూనెతో చేసిన మార్గరిన్ ఇచ్చారు. రెండోసారి గుండెపోటు, గుండెజబ్బు మరణాలు బాగా తగ్గాయని 1994లో ప్రకటించారు. కూరగాయలు, పండ్లు కూడా పెరిగిన భోజనం అది. ఘనతంతా నూనెకే కట్టబెట్టడం న్యాయం కాదు.

ఆ ఒమేగా-3తోనే ఒక జాగ్రత్త కూడా ఉంది. వేడికి, గాలికి అది త్వరగా పాడవుతుంది. శుద్ధి చేసిన కనోలా వేపుడుకు పనికొస్తుంది గానీ, గారెలు వండిన నూనెనే మళ్లీ మళ్లీ కాచడం మంచిది కాదు. గానుగలో ఆడించిన రకాన్ని చల్లటి చోట మూతపెట్టి ఉంచి, సన్నని సెగ మీద వాడుకోవాలి.

ఈ నూనె పేరుతో జరిగిన పెద్ద ఘోరం 1981లో స్పెయిన్‌లోది. కర్మాగారాల కోసం అనిలిన్ అనే రసాయనం కలిపిన రేప్‌సీడ్ నూనెను దొంగతనంగా శుద్ధి చేసి, తినే నూనెగా వీధుల్లో అమ్మారు. సుమారు 20,000 మంది జబ్బుపడ్డారు, 300 మందికి పైగా చనిపోయారు. అది కల్తీ చేసిన హత్య, గింజ చేసిన తప్పు కాదు.

మన ఉత్తరాదిలో వాడే ఆవనూనెలో నేటికీ ఎరూసిక్ ఆమ్లం ఎక్కువే. అమెరికాలోని మన తెలుగువాళ్లు అక్కడి ఇండియన్ స్టోర్లలో ఆవనూనె సీసా మీద 'బయటి వాడకానికి మాత్రమే' అన్న హెచ్చరిక చూసేది అందుకే. అయితే ఢిల్లీ, బెంగళూరు ఆసుపత్రుల్లో జరిపి 2004లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఆవనూనె వాడే ఇళ్లలో గుండెజబ్బు తక్కువగానే కనిపించింది. పోపులో చిటపటలాడే చెంచాడు ఆవాల గురించి బెంగ అక్కర్లేదు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2016లో ఆందోళన పడింది మాత్రం ఎరూసిక్ ఆమ్లం ఉన్న ఆహారం ఎక్కువగా తీసుకునే పిల్లల గురించి. 2019లో అక్కడ చాలా వంటనూనెలకు ఆ ఆమ్లం పరిమితిని 5 శాతం నుంచి 2 శాతానికి దించారు.