పసుపు కొమ్ము నుంచి పక్షవాతం దాకా

దుగ్గిరాల, నిజామాబాద్ యార్డుల్లో కొమ్ము విరిచి రంగు చూస్తారు కదా, ఆ రంగే కర్క్యుమిన్. ఫోగెల్, పెల్టియే అనేవాళ్లు 1815లోనే దాన్ని పసుపులోంచి వేరు చేశారు. నిర్మాణం తేలేసరికి 1910 అయింది. 95 ఏళ్లు పట్టిందన్నమాట! 1995లో పసుపుతో గాయం మాన్పడానికి అమెరికాలో పేటెంట్ ఇచ్చేస్తే, మన సీఎస్‌ఐఆర్ కొట్లాడి 1997లో రద్దు చేయించింది.

పక్షవాతంలో రక్తం అందని చోట మెదడు వాస్తుంది. మెదడు రక్తనాళం మూసిన ఎలుకలకు కర్క్యుమిన్ ఇస్తే ఆ వాపు తగ్గింది. మనుషుల్లో మాత్రం ఇంకా రుజువు కాలేదు, తిన్నదాంట్లో రక్తంలో కలిసేది బహు తక్కువ.

కాబట్టి అన్నలారా, మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా పసుపు పాలు పట్టొద్దు. మింగలేని మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గడ్డ కరిగించే సూది 4.5 గంటల్లోపే పడాలి. ముందు 108కి ఫోన్ కొట్టండి.