పొదుగుపెట్ట – పెరటి కోళ్ల పెంపకంలో వచ్చిన మార్పు
తెలుగు పల్లెల్లో కోళ్ల మందను తరతరాలుగా నిలిపినది పొదిగే నాటుపెట్ట. పెట్ట గుడ్లు పెట్టడం మాని, గూడు విడువక, దగ్గరకు వచ్చినవారిని పొడవబోతే అది పొదుగుకు వచ్చిందని ఇల్లాలు గుర్తిస్తుంది. గంపలో గడ్డి పరచి, పది పన్నెండు గుడ్లు ఉంచి, దానిని కూర్చోబెడుతుంది. 21 రోజులకు పిల్లలు బయటపడతాయి. వాటికి నూకలు చల్లి, గద్దల బారిన పడకుండా తల్లితోపాటు గంప కింద మూస్తారు. పిల్లలు అక్కరలేనప్పుడు పెట్టను నీళ్లలో ముంచి పొదుగు మాన్పించడమూ ఉంది.

పొదుగుతున్న పెట్ట గుడ్లు పెట్టదు. అందుచేత గుడ్ల దిగుబడి ప్రధానమైన వాణిజ్య పెంపకంలో ఈ గుణం లోపంగా పరిగణింపబడింది. తరాల ఎంపికతో వైట్ లెగ్‌హార్న్ వంటి జాతుల్లో అది దాదాపు కనుమరుగైంది; పొదిగే పని ఇంక్యుబేటరుకు మారింది. 1988లో హైదరాబాదులో ఏర్పడిన ప్రాజెక్ట్ డైరెక్టరేట్ ఆన్ పౌల్ట్రీ పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ రకాలను రూపొందించింది. ఇవి నాటుకోళ్ల కంటే ఎక్కువ గుడ్లు పెడతాయి, కాని సాధారణంగా పొదగవు. ఇవి సంకర రకాలు కావడంతో, వీటి గుడ్లను నాటుపెట్ట కింద పొదిగించినా తల్లి గుణాలు పిల్లలకు పూర్తిగా రావు.

అందువల్ల గుడ్ల రాబడి పెరిగినా, మందను తిరిగి నింపుకోవడానికి ఆ కుటుంబం ప్రతిసారీ హ్యాచరీపై ఆధారపడవలసి వస్తున్నది. పెరటి పెంపకం లాభనష్టాలను అంచనా వేసేటప్పుడు గుడ్ల సంఖ్యతోపాటు పొదిగే గుణాన్నీ, దానిని నిర్వహించే స్త్రీల అనుభవజ్ఞానాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.