సైకోబిల్లీకి దారి నిలువెత్తు బాస్ మీదుగా

సైకోబిల్లీ గురించి కొత్తగా తెలుసుకోబోయేవారికి పాట చెవిన పడకముందే వేషం కంటపడుతుంది. రికార్డు అట్టల మీద పుర్రెలు, శ్మశానాలు, పాత భయానక చిత్రాల పోస్టర్లను తలపించే అక్షరాలు. వేదిక మీద రెండు పక్కలా గొరిగి నడినెత్తిన నిలబెట్టిన జుట్టు. దెయ్యాల పాటలు పాడే పంక్ రాక్‌కే ఇది మరో పేరనుకుని చాలామంది అమెరికా బృందాలైన ‘ది క్రాంప్స్’ దగ్గరో, ‘మిస్‌ఫిట్స్’ దగ్గరో వినడం మొదలుపెడతారు. ఆ రెండూ వినదగ్గ బృందాలే, కానీ సైకోబిల్లీ అసలు రూపం వాటిలో దొరకదు. అది 1980ల తొలినాళ్ళలో లండన్‌లో తయారైంది. దాన్ని వేరే శాఖగా నిలబెట్టిన ఘనత దెయ్యం కథలకంటే మనిషంత ఎత్తుండే డబుల్ బాస్‌కే ఎక్కువగా దక్కాలి. ఆ వాయిద్యం వెంట నడిస్తే ఈ సంగీతం చరిత్ర అర్థమవుతుంది. ఏ బృందాన్ని ముందు వినాలో, దేన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టాలో కూడా తెలుస్తుంది.

కథ మెంఫిస్‌లో మొదలవుతుంది. 1954 జులైలో సన్ స్టూడియోలో దాని యజమాని శామ్ ఫిలిప్స్ ఎల్విస్ ప్రెస్లీ చేత ‘దట్స్ ఆల్ రైట్’ పాడించినప్పుడు ఆ గదిలో డ్రమ్స్ లేవు. ఎల్విస్ చేతిలో మామూలు గిటార్, స్కాటీ మూర్ చేతిలో ఎలక్ట్రిక్ గిటార్, బిల్ బ్లాక్ దగ్గర డబుల్ బాస్, అంతే. దరువు బాధ్యత కూడా బాస్ మీదే పడింది. తీగను వేలితో బయటికి లాగి వదిలితే అది వెనక్కి వచ్చి చెక్క మెడకు టక్కున తగులుతుంది. వెంటనే అరచేత్తో తీగల మీద చరిస్తే రెండో దెబ్బ. స్వరమూ దరువూ ఒకే చేతిలోంచి వస్తాయి. స్లాప్ అనే ఈ పద్ధతిని బ్లాక్ కనిపెట్టలేదు, న్యూ ఆర్లియన్స్ జాజ్ వాద్యకారులు ఆయనకు చాలా ముందే వాయించారు. కానీ రాక్ అండ్ రోల్ తొలి రూపాల్లో ఒకటైన రాకబిల్లీకి అదే వెన్నెముక అయింది. ఎంతో కాలం మాత్రం నిలవలేదు. 1951లో ఫెండర్ కంపెనీ తెచ్చిన ఎలక్ట్రిక్ బాస్ మోయడానికి తేలిక, పెద్ద హాల్లో సైతం గట్టిగా వినిపిస్తుంది. ఆ దశాబ్దం ముగిసేసరికి డబుల్ బాస్ రాక్ వేదికల మీంచి దాదాపు దిగిపోయింది. 1957లో ఎల్విస్ రికార్డింగ్ ఒకదాంట్లో ఎలక్ట్రిక్ బాస్ లొంగక బిల్ బ్లాక్ విసిగి పడేసి వెళ్ళిపోతే, ఎల్విసే తీసుకుని ఆ పాటకు వాయించాడని చెబుతారు.

అమెరికా మరిచిపోయిన ఈ సంగీతాన్ని బ్రిటన్ దాచుకుంది. 1950ల నాటి పొడవు కోట్లు, నూనె రాసి దువ్విన జుట్టు వదలని టెడ్డీ బాయ్స్ 1970ల్లో కూడా ఉన్నారు. రేడియోలో తమ పాటలకు చోటు కావాలంటూ 1976 మేలో వాళ్ళు బీబీసీ మీదికి ఊరేగింపు తీశారు. మరుసటి ఏడాది లండన్ కింగ్స్ రోడ్డులో పంక్ కుర్రాళ్ళతో వీధి కొట్లాటలకు దిగారు. ఒకరిది గతం మీద భక్తి, ఇంకొకరిది గతమంటే ఒళ్ళుమంట. 1980లో లండన్‌లో ఏర్పడిన ‘ది మీటియార్స్’ ఈ రెండు వర్గాలనూ ఒకే వేదిక ఎక్కించింది. గాయకుడు, గిటారిస్టు పి. పాల్ ఫెనెక్, బాసిస్టు నైజెల్ లూయిస్ రాకబిల్లీ వైపు నుంచి వచ్చారు, డ్రమ్మర్ మార్క్ రాబర్ట్‌సన్ పంక్ వైపు నుంచి వచ్చాడు. వాళ్ళ 1981 ఆల్బమ్ ‘ఇన్ హెవెన్’ను తొలి సైకోబిల్లీ ఆల్బమ్‌గా లెక్కిస్తారు.

ఇక్కడ జరిగిన మార్పు చెవితో పట్టుకోదగ్గది. 1954లో స్లాప్ అనేది లేని డ్రమ్స్‌కు బదులు. 1981లో డ్రమ్స్ ఉన్నాయి, అవీ పంక్ వేగంతో మోగుతున్నాయి. కాబట్టి స్లాప్ అవసరం తీరిపోయినట్టే. అయినా దాన్ని వదల్లేదు సరికదా, డ్రమ్స్‌తో పోటీ పడేంత వేగానికి పెంచారు. అక్కరకు పుట్టిన పద్ధతి ఇప్పుడు అలంకారమైంది, చివరికి గుర్తింపే అయింది. బోలు చెక్క వాయిద్యాన్ని అంత హోరులో వినిపించడం తేలిక కాదు. శబ్దం పెంచితే స్పీకర్లలోంచి కూత పుడుతుంది. దానికి వాద్యకారులు పట్టుకున్న ఉపాయం శబ్దాన్ని పట్టి స్పీకర్లకు పంపే రెండు పికప్‌లు: స్వరం కోసం తీగలను మోసే వంతెన దగ్గర ఒకటి, టక్కుమనే దెబ్బ కోసం మెడ దగ్గర ఇంకొకటి. రెంటి పాళ్ళు విడివిడిగా సరిచూసుకోవచ్చు. సైకోబిల్లీ రికార్డుల్లో గిటార్‌తో సమానంగా వినిపించే ఆ చిటపటల వెనక ఇంత పని ఉంది.

ఒక్క బృందంతో సంగీత శాఖ ఏర్పడదు, దానికి ఒక చోటు కావాలి. పడమటి లండన్ హామర్‌స్మిత్‌లోని క్లారెండన్ హోటల్లో నడిచిన ‘క్లబ్ ఫుట్’ ఆ చోటు అయింది. ఫెల్తమ్ నుంచి ‘గ్వానా బ్యాట్జ్’, కార్డిఫ్ నుంచి ‘డిమెంటెడ్ ఆర్ గో’, వాటితోపాటు ‘ఫ్రెంజీ’ లాంటి బృందాలు అక్కడి జనాల మధ్య రాటుదేలాయి. ప్రేక్షకులు చేతులు ఆడిస్తూ ఒకరినొకరు గుద్దుకునే ‘రెకింగ్’ నృత్యం అంతకుముందే మీటియార్స్ అభిమానుల్లో పుట్టింది. అక్కడి ప్రదర్శనలను నేరుగా రికార్డు చేసి 1984 నుంచి ‘స్టాంపింగ్ ఎట్ ది క్లబ్ ఫుట్’ పేరుతో ఆల్బమ్‌లుగా వదిలారు. 1988లో ఆ ప్రాంతపు పునర్నిర్మాణం కోసం హోటల్ కూలింది. ఆ హాల్లో రాజకీయాల ఊసెత్తకూడదన్నది అభిమానుల అలిఖిత నియమం. స్కిన్‌హెడ్ ముఠాల తగాదాలు కచేరీలను చెడగొడుతున్న కాలంలో దాని అవసరం అర్థం చేసుకోగలం. కానీ మౌనం కూడా ఒక పక్షమే అవుతుందన్న విమర్శలో నిజం లేకపోలేదు.

ఇప్పుడు అసలు అభ్యంతరానికి వద్దాం. సైకోబిల్లీ అన్న పేరే అమెరికా నుంచి వచ్చింది కదా, క్రాంప్స్ 1976లోనే మొదలైంది కదా అంటారు. నిజమే. జానీ క్యాష్ 1976లో పాడిన ‘వన్ పీస్ ఎట్ ఎ టైమ్’లో ఆ మాట ఉంది, ఆ పాట రాసింది వేన్ కెంప్. కార్ల ఫ్యాక్టరీ కార్మికుడొకడు ఏళ్ళ తరబడి ఒక్కో విడిభాగాన్నీ ఇంటికి దాటించి, అతుకుల బొంతలాంటి క్యాడిలాక్ తయారు చేసుకునే తమాషా కథ అది. క్రాంప్స్ వాళ్ళు ఆ మాటను తమ కచేరీ కరపత్రాలకు ఎక్కించారు. తర్వాత మాత్రం అది జనాన్ని పిలవడానికి వేసిన సంతకేకే తప్ప తమ సంగీత శాఖ పేరు కాదని చెప్పుకున్నారు. వాళ్ళ మాట పక్కన పెట్టి రికార్డులే వినండి. తొలి రికార్డుల్లో రెండు గిటార్లు, డ్రమ్స్, లక్స్ ఇంటీరియర్ గొంతు ఉంటాయి. బాసే లేదు. అది వాళ్ళలో చేరింది 1980ల నడుమ, అదీ ఎలక్ట్రిక్ బాస్. బాస్ ఉండాల్సిన అడుగు స్వరాల చోటును ఖాళీగా వదిలేసి గిటార్ గరగరలతో గదిని నింపడం గిటారిస్టు పాయిజన్ ఐవీ గొప్పతనం. సైకోబిల్లీ చేసింది సరిగ్గా దానికి విరుద్ధం. మరుగునపడ్డ రాకబిల్లీ రికార్డులను తవ్వితీసి కొత్త తరానికి రుచి చూపించిన పెద్దలుగా క్రాంప్స్ రుణం మాత్రం ఎవరూ కాదనలేరు.

భయానక వేషమే దీని ఆత్మ అనేవాళ్ళకు జవాబు ఇంకా సులువు. స్క్రీమిన్ జే హాకిన్స్ 1950ల్లోనే శవపేటికలోంచి లేచి వేదిక మీద పాడాడు. ఆయన పాడింది రిథమ్ అండ్ బ్లూస్. మిస్‌ఫిట్స్‌ది అదే భయానక సరుకు, సంగీతం పంక్. ఒకే వేషం మూడు రకాల సంగీతానికి సరిపోయినప్పుడు ఒకదాన్ని గుర్తుపట్టడానికి అది పనికిరాదు. ఎలక్ట్రిక్ బాస్ వాయించిన సైకోబిల్లీ బృందాలు లేవా అన్న ప్రశ్న ఇంతకంటే గట్టిది. ఉన్నాయి, వాటిని శాఖ నుంచి వెలివేయమనడం నా ఉద్దేశం కాదు. ఐతే అవి వాయించే పాటల నడక కూడా స్లాప్ బాస్ వేసిన బాటలోదే. పక్కన బిగ్గరగా స్లాప్ వాయించేవాళ్ళు లేకపోతే వాటిని జోరైన రాక్ అండ్ రోల్ అనేసి ఊరుకునేవారు.

ఈ సంగీతం లండన్ దాటాక జరిగింది కూడా ఇదే చెబుతుంది. అమెరికాలోని బఫలోలో 1986లో మొదలైన ‘ది క్వేక్స్’ సొంత ఊళ్ళో ఆదరణ లేక లండన్ వెళ్ళి, 1988లో రాయ్ విలియమ్స్ నడిపిన నర్వస్ రికార్డ్స్ ద్వారా తొలి ఆల్బమ్ వెలువరించింది. పుట్టిల్లు అమెరికాయే అయితే ఈ ఎదురు ప్రయాణం అక్కర్లేదు. 1989లో కోపెన్‌హాగెన్‌లో ‘నెక్రోమాంటిక్స్’ స్థాపించిన కిమ్ నెక్రోమన్ అంతకుముందు డేనిష్ నౌకాదళంలో పనిచేశాడు. ఆయన తన డబుల్ బాస్‌ను శవపేటిక ఆకారంలో మలచుకున్నాడు. వేషం వేసుకోవడానికి ఆయనకు కూడా బాసే దొరికింది మరి. ‘హారర్‌పాప్స్’ బృందంలో పాట పాడుతూ డబుల్ బాస్ వాయించే ప్యాట్రిషియా డే రాక ఇంకో కారణంగా ముఖ్యం. మగవాళ్ళదే రాజ్యంగా సాగిన ఈ రంగంలో హత్యల హాస్యం పేరుతో ఆడవాళ్ళను చంపే పాటలు చాలానే వచ్చాయి. పాత బి-గ్రేడ్ సినిమాల వెటకారమే అని సమర్థించేవాళ్ళున్నారు, ఆ సమర్థన నాకు ఒప్పుదల కాదు. ఈ సంగీతం యూరప్‌తోనూ ఆగలేదు, బ్రెజిల్‌లోని కురిచిబాలో కార్నివాల్ రోజుల్లో సాంబాకు పోటీగా ‘సైకో కార్నివాల్’ పేరిట పండగే జరుగుతుంది.

కాబట్టి వినే వరస ఇలా ఉంటే మేలు. ముందుగా ‘ఇన్ హెవెన్’, ఒకసారి మామూలుగా, ఇంకోసారి బాస్ మీదే చెవిపెట్టి. ఆ వెంటనే గ్వానా బ్యాట్జ్ 1985 ఆల్బమ్ ‘హెల్డ్ డౌన్ టు వినైల్’. ఇందులో వేగం ఉన్నా పాటలు తేటగా ఉంటాయి, కొత్తవారికి ఇంతకంటే సుఖమైన ప్రవేశం లేదు. డిమెంటెడ్ ఆర్ గో మొరటుదనం అలవాటు కావడానికి కాస్త సమయం పడుతుంది, దాన్ని మూడోది చేయండి. క్లబ్ ఫుట్ రికార్డులు ఆ తర్వాతే, ఎందుకంటే బృందాలు తెలియకుండా వింటే అంతా ఒకే రొదలా తోస్తుంది. 1996లో కాలిఫోర్నియాలో మొదలైన ‘టైగర్ ఆర్మీ’ రాగాలు శ్రావ్యంగా ఉంటాయి, నెక్రోమాంటిక్స్‌తో కలిపి దాన్ని ఆధునిక మజిలీగా పెట్టుకోవచ్చు. ఇవన్నీ అయ్యాక 1954 నాటి సన్ రికార్డులకు తిరిగి వెళితే, డ్రమ్స్ లేని ఆ గదిలో బిల్ బ్లాక్ అరచేయి ఎంత పని చేసిందో మొదటిసారి వినిపిస్తుంది. క్రాంప్స్‌ను అప్పుడు వినండి.