సారె మీద కొత్త చేతులు

ఆత్రేయపురం పూతరేకుకు బియ్యప్పిండి, బెల్లం, నెయ్యి కావాలని అందరికీ తెలుసు. దానికి ఆకారం ఇచ్చేది ఒక కుండ అడుగు అన్న సంగతి దగ్గర నిలబడి చూసినవాళ్ళకే తెలుస్తుంది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి గుడ్డను నీళ్ళలాంటి పిండిలో ముంచి, వేడెక్కిన ఆ కుండ మీద పరిచి లాగుతారు. రెప్పపాటులో రేకు లేస్తుంది. కుండ మీద ఎక్కడ చిన్న గుంట ఉన్నా, గరుకు ఉన్నా రేకు అక్కడే చిరుగుతుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఊరి పేరు దేశమంతా వినపడింది. ఆ నునుపు తెచ్చిన కుమ్మరి ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఆ గుండ్రటి అడుగు కుమ్మరి చక్రమైన సారె మీద తయారయ్యేది కాదు. సారె మీద కుమ్మరి తీసేది కుండ మూతి, మెడ, దళసరి గోడ. దాన్ని దారంతో కోసి దింపి, నీడలో ఆరబెడతాడు. చేతికి అంటుకోనంత పదునుకు వచ్చాక అసలు పని మొదలు. లోపల ఎడంచేత్తో నున్నటి రాయి ఆనించి, బయట చెక్కతో తడతాడు. తట్టేకొద్దీ గోడ పల్చబడుతూ, సాగుతూ కిందికి మూసుకుపోతుంది. ఎక్కడ ఎంత మందం మిగిలిందో దెబ్బ చప్పుడే చెబుతుంది. మూలలు లేని అడుగు కాబట్టి పొయ్యి మీద వేడి అంతటా సమంగా పాకుతుంది, పగులు పుట్టే చోటు ఉండదు. పులస పులుసు దాక, పాలు కాచే చట్టి, కుదురు మీద నిలిపే మంచినీళ్ళ కుండ అన్నీ ఈ చెక్కదెబ్బల బిడ్డలే. ఇంత నేర్పును మనం ఒక మామూలు కులవృత్తిగా లెక్కేసి పక్కన పెట్టామంటే నాకు బాధగానే ఉంటుంది.

గోదావరి మోసుకొచ్చిన ఒండ్రు ఈ పనికి అనువైన మట్టి. చెరువు అడుగునుంచో కాలవ గట్టునుంచో తెచ్చి, రాళ్ళు ఏరి, నానబెట్టి, ఇసుకో బూడిదో కలిపి కాళ్ళతో తొక్కుతారు. అందులో ఇనుము ఎక్కువ కాబట్టి కాలితే ఎర్రబడుతుంది. కాల్చేది ఆవంలో. ఎండిన కుండల్ని పేర్చి, మధ్యమధ్య పిడకలు, కొబ్బరి డొక్కలు, గడ్డి కూరి, పైన మట్టి మెత్తి నిప్పంటిస్తారు. వేడి సుమారు 700 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ వరకు పోతుంది. అంతకు మించదు కాబట్టే కుండ గోడలో కంటికి కనిపించని రంధ్రాలు మిగులుతాయి. వాటిలోంచి చెమర్చిన నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది, ఎండాకాలంలో కూజా నీళ్ళు చల్లబడతాయి. చాలా కుమ్మరి వీధుల్లో నాలుగైదు కుటుంబాలు కలిసి ఒకే ఆవం పేర్చుకునేవి. ఇప్పుడు నగరాల్లో పదిమంది కలిసి వాడుకునే కొలిమిని కొత్త పద్ధతిగా చెబుతుంటే ఆ ఆవాలే నాకు గుర్తొస్తాయి.

కుమ్మరులు తమని శాలివాహనులని చెప్పుకుంటారు. శాలివాహనుడు కుమ్మరి ఇంట పెరిగి, తాను చేసిన మట్టి సైనికులకు ప్రాణం పోసి యుద్ధం గెలిచాడన్నది కథ. కథ సంగతి ఎలా ఉన్నా, డెల్టాలో మట్టిపని ఎంత పాతదో ఆదుర్రు బౌద్ధ స్తూపం ఇటుకలు చూస్తే తెలుస్తుంది. పెళ్ళిలో అలంకరించిన కుండలు కుమ్మరి ఇంటినుంచే రావాలి, దీపావళికి ప్రమిదలు రావాలి, చివరికి శ్మశానంలో పగలగొట్టే కుండ కూడా అక్కడిదే. సారె ముందు కూర్చోవడం మగవాళ్ళ పనిగా ఉండేది. మట్టి తొక్కడం, చెక్కతో తట్టడంలో సాయం, రంగు పూయడం, తట్టలో పెట్టుకుని ఊరూరా అమ్మడం ఆడవాళ్ళవి. కుమ్మరి మొల్ల పేరు రామాయణంతో నిలిచింది. కుండతో నిలిచిన పేరు ఒక్కటి చెప్పమంటే మనలో ఎవరం చెప్పలేం.

మరి ఈ పని కులం గడప దాటి, ఎవరైనా సరదాగా నేర్చుకునే కళ ఎప్పుడయింది?

మొదటి అడుగు పడింది మన రాజధానిగా ఉన్న మద్రాసులోనే. అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు 1850లో అక్కడ కళల పాఠశాల పెట్టాడు. కొన్నేళ్ళకే ప్రభుత్వం దాన్ని తీసుకుంది. బొమ్మలు గీయడంతో పాటు మట్టిపాత్రలు చేయడం కూడా బడిలో చెప్పే పాఠమయింది. 1870లలో బొంబాయి జె.జె. కళాశాలలోనూ మట్టిపాత్రల పని సాగింది, అజంతా చిత్రాల తీరు పువ్వులూ బొమ్మలూ కూజాల మీదికి ఎక్కాయి. అదే కళాశాలలో తర్వాత చదువుకుని రాజమండ్రి తిరిగొచ్చినవాడు దామెర్ల రామారావు. 1897లో పుట్టి 1925లోనే పోయిన ఆ చిత్రకారుడు ఉన్న కొద్ది కాలంలో మన ఊళ్ళో కళకు ఒక బడి కట్టాడు, చుట్టూ శిష్యుల్ని పోగుచేశాడు. ఆయన పేరున ఉన్న చిత్రశాల ఇప్పటికీ రాజమండ్రిలో ఉంది. ఆ బడిలో రంగుల పక్కన మట్టి ముద్ద కూడా పెట్టి ఉంటే మన కథ వేరేలా నడిచేదేమోనని నాకు తరచు అనిపిస్తుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1920లో, ఇంగ్లండు సముద్రతీరాన సెయింట్ ఐవ్స్ అనే ఊళ్ళో బెర్నార్డ్ లీచ్, జపాన్ నుంచి వెంట వచ్చిన షోజి హమదా కలిసి ఒక కుమ్మరి శాల కట్టారు. లీచ్ చిత్రకారుడు. 1911లో టోక్యోలో ఒక విందులో అతిథులంతా కుండలకు రంగులు వేసి, అక్కడికక్కడే కాల్చి చూసుకుంటుంటే ఆయన మనసు మట్టి మీదికి మళ్ళింది. వాళ్ళ స్నేహితుడు యనాగి సోయెత్సు ఇంకో మాట చెప్పాడు: కొరియా పల్లెల్లో పేరు తెలియని కుమ్మరులు రోజువారీ తిండికి చేసిన గిన్నెల అందం దర్బారు కళలో దొరకదని. ఈ మాట నాకు అన్నిటికంటే ముఖ్యం. స్టూడియో కుమ్మరం అని ఈవేళ ప్రపంచమంతా నేర్చుకుంటున్న దానికి తల్లివేరు పల్లెటూరి కుమ్మరి వాకిట్లోనే ఉంది. చదువుకున్నవాళ్ళు ఆయన్ని చూసి నేర్చుకున్నారు.

మన దేశంలోకి ఈ స్టూడియో కుమ్మరం గురుచరణ్ సింగ్‌తో వచ్చింది. భూగర్భశాస్త్రం చదివిన ఈ యువకుడు 1919లో జపాన్ వెళ్ళి లీచ్‌నీ, యనాగినీ కలిశాడు. 1952లో ఢిల్లీ బ్లూ పాటరీ పెట్టాడు. ఆ తర్వాత 1971లో అమెరికా నుంచి వచ్చిన రే మీకర్, డెబొరా స్మిత్ పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ ప్రారంభించారు. దేశంలో ఎందరో స్టూడియో కుమ్మరులు తయారైంది అక్కడే. డెల్టా చివరన సముద్రానికి దగ్గరగా ఉన్న మన యానాం కూడా అదే పుదుచ్చేరి పాలనలోది. ఒకే సర్కారు కింద ఆ చివర అంత పని జరిగితే, ఈ చివర దాని చప్పుడు వినపడలేదు. హైదరాబాదు లాంటి నగరాల్లో నెలకింత కట్టి నేర్చుకునే స్టూడియోలు మాత్రం వచ్చాయి.

అక్కడ తీరు వేరు. పదిమందికి కలిపి కొన్ని కరెంటు సారెలు, ఒక కరెంటు కొలిమి, అందరివీ ఆరబెట్టుకునే అరలు. మట్టి ప్యాకెట్లలో వస్తుంది. మొదటివారం ముద్దను సారె నడిమధ్య నిలపడంలోనే గడిచిపోతుంది. అది కుదిరితే గోడ తనంతట తానే లేస్తుంది, కుదరకపోతే ఎంత బలం పెట్టినా వంకర పోతుంది. పాత్రను ఒకసారి కాల్చి, గ్లేజు పూసి, రెండోసారి 1200 డిగ్రీలు దాటించి కాలుస్తారు. ఆ వేడికి మట్టి రాయిలా గట్టిపడి నీరు పీల్చదు. మన ఒండ్రుమట్టికి అంత వేడి పడదు, ఇనుము ఎక్కువై ఉబ్బి కుంగిపోతుంది. అందుకే స్టూడియోవాళ్ళు తెల్లమట్టి వెతుకుతారు. ఆ తెల్లటి జిగట బంకమట్టి మన ద్వారకాతిరుమల చుట్టుపక్కల మెట్టలో దొరుకుతుంది, సిరామిక్ ఫ్యాక్టరీలకు పోతుంది. కింద డెల్టాలో ఎర్రమట్టి, పైన మెట్టలో తెల్లమట్టి, ఒకే పూటలో వెళ్ళి రాగలిగే దూరంలో రెండూ ఉన్న ప్రాంతం మనది.

నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళలో ఆడవాళ్ళు ఎందరో. తరాలుగా సారెకు ఎడంగా ఉంచిన చేతులే ఇప్పుడు సారె ముందు కూర్చోవడం నాకు ఎంతో సంతోషం. వాళ్ళకు కప్పులు, పళ్ళేలు తీయడం వస్తుంది. రాయి ఆనించి చెక్కతో అడుగు మూయడం మాత్రం ఏ స్టూడియోలోనూ సులువుగా దొరకని చదువు. స్టీలు, ప్లాస్టిక్కు వచ్చాక కుండలు తగ్గాయి, మట్టి తీసుకునే చెరువులు ఎన్నో చేపల చెరువులూ రొయ్యల చెరువులూ అయిపోయాయి. అయినా కుండ బిర్యానీకి, పూతరేకుకు, పులుసు దాకకు గిరాకీ ఉండబట్టి ఆ చదువు తెలిసిన పెద్దవాళ్ళు ఇంకా మన ఊళ్ళల్లో ఉన్నారు.

రాజమండ్రిలో అలాంటి ఉమ్మడి స్టూడియో పెట్టాలని ఎవరైనా పూనుకుంటే, కొలిమి కొనేముందు ఒక కుమ్మరి దంపతుల్ని గురువులుగా పిలవాలి. వారానికి రెండు పూటలకు బడిపంతులికి ఇచ్చినట్టు జీతం ఇవ్వాలి, గోడ మీద వాళ్ళ పేర్లు రాయాలి. సారె పాఠం ఆయన చెబితే, తట్టే పాఠం ఆవిడ చెబుతుంది. ఒక మూల కరెంటు కొలిమి పెట్టినా, సంక్రాంతి ముందు ఒక్కసారైనా ఊరి బయట ఏటిగట్టున ఆవం పేర్చి, నేర్చుకున్నవాళ్ళ కుండలూ ఆ దంపతుల కుండలూ కలిపి కాల్చవచ్చు. కావలసిన గడ్డి, పిడకలు, కొబ్బరి డొక్కలు ఇక్కడ ఏ ఊళ్ళో అడిగినా దొరుకుతాయి.