పలక తరువాత పుస్తకం: కుటుంబరావు బాలసాహిత్య కృషి

కొడవటిగంటి కుటుంబరావు (1909-1980) సాహిత్యాన్ని విమర్శకులు తరచు రెండు భాగాలు చేసి చూస్తారు. మధ్యతరగతి జీవితంలోని బూటకాన్ని బయటపెట్టిన కథలూ నవలలూ ఒక వంక. ‘చందమామ’లో చేసిన పని మరొక వంక. మొదటిది సాహిత్యమట, రెండవది పొట్టకూటి కొలువట! 1952 నుండి మరణించేవరకు, 28 సంవత్సరాలు ఒక రచయిత నిత్యమూ చేసిన పనిని ఇట్లా త్రోసివేయడం శ్రమ పట్ల మనకున్న చిన్నచూపుకు నిదర్శనం మాత్రమే.

కుటుంబరావుగారు భౌతికశాస్త్ర విద్యార్థి. ఆర్థికమాంద్యం కారణంగా కాశీలో ఎం.ఎస్సీ. చదువు మధ్యలోనే ఆగింది. తరువాత అనేక ఉద్యోగాలు చేసి, పత్రికారంగంలో కుదురుకొన్నారు. నాగిరెడ్డి, చక్రపాణిగార్లు 1947 జూలైలో ప్రారంభించిన ‘చందమామ’లో ఆయన పని ఏమిటి? వచ్చిన కథలను తిరగవ్రాయడం, ఇతిహాసాలనూ దేశదేశాల జానపద గాథలనూ పిల్లలకు అందే తేటతెలుగులోకి తేవడం. అందులో అధికభాగం పేరు లేకుండా అచ్చయినదే. సహోద్యోగి దాసరి సుబ్రహ్మణ్యంగారి ‘తోకచుక్క’ వంటి ధారావాహికలదీ అదే స్థితి.

ఆయనకు ముడిసరుకు ఎక్కడిది? 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరంలో ఉన్న బేతాళ కథలు 25. అవి అయిపోయినా ‘చందమామ’లో బేతాళుడు ఆగలేదు. మామూలు కథకే చివర ఒక చిక్కుప్రశ్న జోడించి బేతాళ కథగా మలచేవారు. రాజు జవాబు చదవడానికి ముందే పిల్లవాడు తన జవాబు తాను వెదుక్కొంటాడు. ఎవరి త్యాగం గొప్పది, ఎవరి తప్పు పెద్దది అని తర్కించుకొంటాడు. శవం మాట్లాడడం అభూతకల్పనే; కాని ఆ ప్రశ్నకు జవాబు హేతువుకు నిలవాలి. ‘చదువు’ నవలలో బాలుని మనస్సు ఎదిగే తీరును పరిశీలించిన రచయితకు ఈ పని పరాయిది కాదు.

రాజులూ రాక్షసులూ నిండిన కథలు భూస్వామ్య భావాలను పెంచవా అని అభ్యుదయవాదులు అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఈ కథలలో న్యాయం చాలాసార్లు మంచి రాజు దయమీదనే ఆధారపడుతుంది; వ్యవస్థ మారదు. ఆ పరిమితిని దాచనక్కరలేదు. అయితే జానపద కథలో మోసపోయే ధనికుడూ, యుక్తితో గెలిచే పేదవాడూ ప్రజలు సృష్టించినవారే. వారిని పిల్లలకు తిరిగి అప్పగించడం చిన్న పని కాదు.

అసలు పరిమితి మరొకటి ఉన్నది. పుస్తకానికి ముందు పలక కావాలి. దేశమంతటా పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు మన మార్కాపురం ప్రాంతపు రాతినుండి వచ్చాయి. ఆ రాతిని కోసి, అరగదీసి, చట్రం బిగించే పనిలో, ఊపిరితిత్తులను తినే ఆ ధూళిలో, బడికి పోవలసిన పిల్లలే ఉండేవారు. 1988లో మొదలైన జాతీయ బాలకార్మిక పథకపు తొలి కేంద్రాలలో మార్కాపురం ఒకటి కావడమే దీనికి సాక్ష్యం. పలక చేసిన బిడ్డకు పలకా అందలేదు, ‘చందమామా’ అందలేదు.

నేడు ఆ పత్రిక వెలువడడం లేదు. పలకకూ పూర్వపు గిరాకీ లేదు. అయినా మార్కాపురంలోనూ గిద్దలూరులోనూ కూలివారి బిడ్డలు ఉన్నారు. కుటుంబరావుగారి తేటతెలుగు వారి చేతికి చేరినప్పుడే ఆయన కృషి పూర్తి అవుతుంది. ఆ పని ఉపాధ్యాయులది, విద్యార్థులది.