ఆ చొక్కా ఏ అర్ధభాగానిది?

తాళపత్ర ప్రతులలో ప్రక్షిప్తాలను పట్టుకొనే విద్య కొంత అభ్యసించినవాణ్ణి. అందుచేత ఒక ఫుట్‌బాల్ చొక్కా మీద చెలరేగిన వివాదం నాకు చిరపరిచితంగా తోచింది.

1986 జూన్ 22న మెక్సికో నగరంలోని అజ్టెకా మైదానంలో అర్జెంటీనా, ఇంగ్లండు జట్లు తలపడ్డాయి. మారడోనా చేసిన రెండు గోల్సూ ద్వితీయార్ధంలోనివే. ఒకటి చేతితో నెట్టినది. రెండవది నేటికీ వేనోళ్ళ కొనియాడబడుతున్నది. ఆట ముగిశాక ఇంగ్లండు ఆటగాడు స్టీవ్ హాడ్జ్ ఆయనతో చొక్కా మార్చుకొన్నాడు.

2022లో అది వేలానికి రాగానే మారడోనా కుమార్తె ఆక్షేపించారు. అది ప్రథమార్ధంలో తొడిగినదనీ, గోల్స్ నాటిది కాదనీ ఆమె వాదం. ఇక పాఠనిర్ణయం ఎట్లా? సదబీస్ వేలం సంస్థ నాటి ఛాయాచిత్రాలతో పోల్చి చూపింది. ఆ నీలి చొక్కాలు పోటీకి ముందు మెక్సికో నగరంలోనే హడావుడిగా కొని, చిహ్నాలు కుట్టి, అంకెలు అంటించినవి. కనుక ఏ రెండూ అచ్చుగుద్దినట్లు ఉండవు. లేఖకుని చేతి వంకర ప్రతిని పట్టిచ్చినట్లే, ఇక్కడ దర్జీ తొందరపాటు సాక్ష్యం పలికింది. నా మట్టుకు నాకు ముద్ర వేసిన ధ్రువపత్రం కంటె ఈ కుట్టే నమ్మదగినది. అమెరికాలో 1990లలో ఎఫ్.బి.ఐ. వారి 'ఆపరేషన్ బుల్‌పెన్' దర్యాప్తులో నకిలీ సంతకాల సరకుతో పాటు నకిలీ ధ్రువపత్రాలూ బయటపడ్డాయి. మదర్ థెరిసా సంతకం చేసిన బేస్‌బాల్ బంతులు సైతం అందులో ఉన్నాయంటే చూడండి!

చొక్కా 71 లక్షల పౌండ్లకు పైగా పలికింది. కొన్నవారి పేరు సంస్థ అప్పుడు వెల్లడించలేదు.